రాసేది ఒకరు, చూసేది ఒకరు, దింపే తారీఖు ఒకటి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నల్లగొండలో ప్రకాశం బజార్ పక్క సందులో ఒక చిన్న గది తీసుకుని పదకొండేళ్లుగా వెబ్‌సైట్లు చేస్తున్నాను. స్కూళ్లు, డిగ్రీ కాలేజీలు, చేనేత సొసైటీలు, రైస్ మిల్లులు, ఒకటి రెండు గుళ్లు, ఇవే నాకు పని ఇచ్చేవాళ్లు. మీ పత్రికకు ఇంతవరకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పోయినేడు ఒక కాలేజీ ఆఫీసు వరండాలో చూసిన సంగతి మనసులోంచి పోవడం లేదు, మళ్లీ అడ్మిషన్ల కాలం వస్తోంది, అందుకని రాస్తున్నాను.

డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో నిండగా మిగిలిన సీట్లకు కాలేజీలోనే స్పాట్ అడ్మిషన్లు పెడతారు కదా, ఆ రోజుల్లో ఒక పొద్దున దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక అమ్మాయి, వాళ్ల నాన్న మొదటి బస్సు పట్టుకుని వచ్చారు. సర్టిఫికెట్లన్నీ చీరల షాపు కవర్లో పెట్టి, వాన తగలకుండా దాని మీద ఇంకో కవర్ చుట్టి తెచ్చారు. అడ్మిషన్లు మూడు రోజుల కిందే అయిపోయాయని క్లర్క్ మేడమ్ చెప్పింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, కాలేజీ వెబ్‌సైట్ తెరిచి, రెండు చేతులతో పట్టుకుని ఆమెకు చూపించాడు. "మేడం, ఇండ్ల ఇయ్యాల్టి తారీఖే ఉన్నది గద" అన్నాడు. నిజమే, ఉంది. చివరి తేదీ, సాయంత్రం 4 గంటల వరకు అని, తారీఖు ఉంది, నెల ఉంది, ఏడాది మాత్రం లేదు. అది అంతకు ముందు సంవత్సరం నోటీసు.

ఆ వెబ్‌సైట్ చేసింది నేనే. వేరే పని మీద వెళ్లి ఆ వరండాలోనే నిలబడి ఉన్నాను, వాళ్లకు నేనెవరో తెలియదు. ఆ అమ్మాయికి తర్వాత ఇంకో కాలేజీలో, తను అనుకోని గ్రూపులో సీటు దొరికిందని విన్నాను. ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, అన్నిటికంటే ఆ పిల్ల అనుకున్న చదువు, ఒక పాత నోటీసు వల్ల పోయాయి.

మధ్యాహ్నం క్లర్క్ మేడమ్ పక్కన కూర్చుని లోపల ఏం జరిగిందో చూశాను. కొత్త నోటీసు ఆమె రాసే ఉంది, సరైన తారీఖుతో, ఏడాదితో సహా. అది తొమ్మిది రోజులుగా 'పెండింగ్ రివ్యూ'లో, అంటే ఇంకొకరు చూసి సరే అనడం కోసం, కూర్చుని ఉంది. పై సార్ దాన్ని చూసి పబ్లిష్ నొక్కాలి. ఆయన నొక్కలేదు. ఎందుకు నొక్కలేదంటే, అది వచ్చిందని ఆయనకు తెలియదు. ఆ సైట్ నడిచే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా రాసి రివ్యూకి పంపితే, చూడాల్సిన వాళ్లకు దానంతట అది మెయిల్ పంపదు, మెసేజ్ పంపదు. లాగిన్ అయి లోపలికి వెళ్లి చూస్తేనే కనపడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకు చెప్పలేదు, మేడమ్‌కూ చెప్పలేదు. ఇక పాత నోటీసు దింపడం ఎవరి పని అంటే, ఎవరి పనీ కాదు. నేను ఇచ్చిన పద్ధతిలో ఎక్కించడానికి దారి ఉంది, దింపడానికి దారి లేదు.

మీ పాఠకుల్లో అందరికీ ఈ మాటలు అలవాటు ఉండకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. ఇప్పుడు వెబ్‌సైట్ పేజీలను ప్రతిసారీ నాలాంటి వాడు కూర్చుని కోడ్‌లో మార్చక్కర్లేదు. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఉంటుంది, ఆఫీసులో ఎవరైనా లాగిన్ అయి, టైప్ చేసి, ఫైల్ జత చేసి, బటన్ నొక్కితే పేజీ మారుతుంది. వాటిల్లో ఎక్కువ మంది వాడేది 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, ఇవాళ ప్రపంచంలో నూటికి 40కి పైగా వెబ్‌సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. ద్రూపల్, జూమ్లా లాంటివీ ఉన్నాయి. వీటిలో ఒక పేజీ రాసిన దగ్గర్నుంచి జనం కంట పడేదాకా, ఆ తర్వాత దిగిపోయేదాకా ఎవరి చేతుల మీదుగా వెళ్తుందో దాన్ని వర్క్‌ఫ్లో అంటాం. పెద్ద మాటేం కాదు, ఆఫీసులో ఫైలు నడిచే దారి లాంటిదే. సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఎక్కిస్తారు, అరగంట పని. ఈ దారి గీయడం దగ్గరే మేం అందరం తప్పు చేస్తున్నాం, కాలేజీల వాళ్లూ తప్పు చేస్తున్నారు.

ఆ కాలేజీలో నేను మొదట గీసిన దారి చెప్తాను. అప్పట్లో నాకు అది చాలా గొప్పగా అనిపించింది. క్లర్క్ రాయాలి, సూపరింటెండెంట్ చూడాలి, డిపార్ట్‌మెంట్ హెడ్ చూడాలి, వైస్ ప్రిన్సిపాల్ చూడాలి, చివరికి ప్రిన్సిపాల్ సరే అనాలి. ఐదుగురికి ఐదు లాగిన్లు, ఐదు పాస్‌వర్డ్‌లు. వాళ్లు అడిగినట్టే చేశాను, మీటింగ్‌లో అందరూ బాగుందన్నారు, ఎవరి పేరూ వదిలిపెట్టలేదు కదా మరి. రెండు నెలలు తిరిగేసరికి ముగ్గురు పాస్‌వర్డ్ మర్చిపోయారు. ఒకరు ట్రాన్స్‌ఫర్ అయ్యారు, ఆయన లాగిన్ అలాగే ఉండిపోయింది, మధ్యలో ఆ మెట్టు దగ్గరికి వచ్చిన ప్రతిదీ ఆగిపోయింది. నేను వెళ్లి చూస్తే పందొమ్మిది డ్రాఫ్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి, అందులో పరీక్ష ఫీజు నోటీసు ఒకటి, దాని గడువు కూడా దాటిపోయింది.

పని ఆగితే ఎవరైనా ఏం చేస్తారు, పక్క దారి వెతుక్కుంటారు. వాళ్లూ అదే చేశారు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి మానిటర్ కింద అంటించారు. రాసేవాళ్లు, చూసేవాళ్లు, అటెండర్, ప్రాజెక్ట్ ప్రింటౌట్ కోసం వచ్చిన పిల్లలు, అందరూ అదే పాస్‌వర్డ్. వర్డ్‌ప్రెస్‌లో రివిజన్లని ఒక మంచి సదుపాయం ఉంది, ఏ పేజీని ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మాట తీసి ఏ మాట పెట్టారో వరసగా చూపిస్తుంది, తప్పయితే వెనక్కి పాత కాపీకి పోవచ్చు. అందరూ ఒకే లాగిన్ వాడితే ప్రతి మార్పు పక్కనా 'అడ్మిన్' అనే ఉంటుంది. హాస్టల్ ఫీజులో ఒక సున్నా ఎగిరిపోయి పేజీ మీద రెండు రోజులు ఉంటే, ఎవరు మార్చారో తెలుసుకునే వీలే లేకుండా పోయింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి చిన్న ఉద్యోగి అని క్లర్క్ మేడమ్ మీదే పడింది ఆ మాట. ఆమె ఆ రోజు సెలవులో ఉంది, హాజరు రిజిస్టర్ తెచ్చి చూపిస్తే గాని నమ్మలేదు.

ఐదు మెట్ల దారి పెట్టిన చోట చివరికి ఒక్క మెట్టు కూడా మిగలదు. ఇది నేను ఒక్క కాలేజీలో చూసి అంటున్న మాట కాదు, నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, నేను పని చేసిన ప్రతి చోటా మానిటర్ కింద ఆ చీటీ చూశాను.

ఈ పని మీ పత్రికల వాళ్లకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. మండలంలో ఉండే మీ కంట్రిబ్యూటర్ వార్త రాసి పంపుతాడు, జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్ దాన్ని చూస్తాడు, పేరు సరిగా ఉందా, అంకె సరిగా ఉందా, అవతలి వాళ్ల మాట తీసుకున్నారా అని. పేజీలోకి వెళ్తుంది. రాసినవాడు తనే అచ్చు వేసుకోడు, చూసేవాడు రాత్రి ఇంటికి పోతే ఆ సీట్లో ఇంకొకరు కూర్చుంటారు, ఎడిషన్ టైమ్‌కు పేజీ వదలాల్సిందే. వర్డ్‌ప్రెస్‌లో రాసి పంపడానికే తప్ప పబ్లిష్ చేయడానికి హక్కు లేని లాగిన్‌ను ఏమంటారో తెలుసా, దాని పేరు కూడా కంట్రిబ్యూటర్. ఆ పైన ఆథర్, అంటే తను రాసింది తనే ఎక్కించుకోగలడు. ఆ పైన ఎడిటర్, అందరివీ చూసి దిద్ది ఎక్కించగలడు. అన్నిటికీ పైన అడ్మినిస్ట్రేటర్, తాళాల గుత్తి అతని దగ్గర. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు డెస్క్‌లోని పేర్లే పెట్టారు. మా ఆఫీసులు ఆ పేర్లను వదిలేసి అందరికీ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చేస్తున్నాయి.

ఆ అమ్మాయి వచ్చి వెళ్లిన వారానికి నేను డబ్బులు అడక్కుండా ఆ కాలేజీకి మళ్లీ వెళ్లి కూర్చున్నాను. ఈసారి మీటింగ్ పెట్టించలేదు. క్లర్క్ మేడమ్ టేబుల్ దగ్గర కుర్చీ వేసుకుని, ఒక తెల్ల కాగితం మీద ఆమె వారం రోజుల్లో వెబ్‌సైట్‌లో ఏమేం పెడుతుందో రాయించాను. అలా రాస్తుంటే తెలిసింది, అన్నిటికీ ఒకే దారి అక్కర్లేదని. బతుకమ్మ ఆడిన ఫొటోలు, ఎన్ఎస్ఎస్ క్యాంపు, మొక్కలు నాటడం, వీటికి పై సార్ సరే అనేదాకా ఆగడం ఎందుకు? తారీఖు, డబ్బు, మనిషి పేరు, ఫోన్ నంబర్, ఈ నాలుగిట్లో ఏదైనా ఉంటేనే ఇంకో కన్ను పడాలి. లేకపోతే ఆమె నేరుగా ఎక్కించేస్తుంది. ఈ ఒక్క గీతతో పై సార్ చూడాల్సినవి సగానికి పైగా తగ్గాయి. తగ్గాయి కాబట్టే ఆయన మిగతావి చూడడం మొదలుపెట్టాడు.

రెండో కన్ను ఎవరిది అనేది కొంచెం సేపు నడిచింది. ప్రిన్సిపాల్ గారు తనదే ఉండాలన్నారు. నేను ఒకటే అడిగాను, సార్, మీరు మీటింగ్‌కు హైదరాబాద్ పోయిన రోజు ఎవరు చూస్తారు అని. ఆయన ఆలోచించి ఒక లెక్చరర్ పేరు చెప్పారు, ఆమె రోజూ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. ఆమెకు ఎడిటర్ లాగిన్ ఇచ్చాం, ప్రిన్సిపాల్ గారికి కూడా ఇచ్చాం, ఇద్దరిలో ఎవరు చూసినా చాలు. రాసిన మనిషి తను రాసింది తనే ఓకే చేయకూడదు, అదొక్కటే పట్టుదలగా పెట్టిన నియమం. మెసేజ్ సంగతికి పెద్ద ఏర్పాటేం చేయలేదు, ముగ్గురికీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది, మేడమ్ రివ్యూకి పంపగానే అందులో 'చూడండి' అని లింక్ పెడుతుంది. మెయిల్ పంపే ప్లగిన్లు, అంటే వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ ఆ ముగ్గురిలో రోజూ మెయిల్ తెరిచేవాళ్లు ఒక్కరే, అలాంటప్పుడు ఉన్న అలవాటు మీదే దారి వేయాలి గాని కొత్త అలవాటు నేర్పి దాని మీద వేయకూడదని నా అభిప్రాయం.

ఒక చోట మాత్రం సాఫ్ట్‌వేరే అడ్డం వచ్చింది. మేడమ్‌కు కంట్రిబ్యూటర్ లాగిన్ ఇస్తే నోటీసు రాయగలదు గాని పీడీఎఫ్ జత చేయలేదు, ఎందుకంటే ఆ లాగిన్‌కు ఫైళ్లు ఎక్కించే హక్కు ఉండదు. పోనీ ఆథర్ ఇద్దామంటే ఫైళ్లు ఎక్కించగలదు, కానీ నోటీసు కూడా తనే పబ్లిష్ చేసేయగలదు, రెండో కన్ను పోతుంది. చాలా మంది నా తోటివాళ్లు ఇక్కడే విసుగొచ్చి అడ్మిన్ ఇచ్చేస్తారు. పరిష్కారం చిన్నదే, కంట్రిబ్యూటర్‌కు ఫైళ్లు ఎక్కించే ఒక్క హక్కు కలిపితే సరిపోతుంది, ప్లగిన్‌తో చేయొచ్చు, నాలుగు లైన్ల కోడ్‌తో చేయొచ్చు. ఫొటోల పేజీకి వేరేగా ఒక ఆథర్ లాగిన్ పెట్టుకుంది ఆమె. రెండు లాగిన్లు గుర్తుపెట్టుకోవడం కష్టమేమో అనుకున్నాను, ఆమెకు ఆ ఇబ్బందే లేదు, ఆఫీసులో మూడు బీరువాల తాళాలు చూసుకునే మనిషి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను, దింపే తారీఖు.

నోటీసు ఎక్కించేటప్పుడే అది ఏ రోజు దిగాలో రాయాలి. ఇంత చిన్న విషయం, దాదాపు ఎవరూ చేయరు. వర్డ్‌ప్రెస్‌లో ఫలానా రోజు ఫలానా గంటకు ఎక్కించు అని ముందే పెట్టుకోవచ్చు, ఫలానా రోజు దింపు అని పెట్టుకునే గడి మాత్రం దానిలో లేదు, ప్లగిన్ పెట్టుకోవాలి. జూమ్లాలో రెండూ మొదట్నుంచీ పక్కపక్కనే ఉన్నాయి, పబ్లిష్ మొదలయ్యే తేదీ, పబ్లిష్ అయిపోయే తేదీ. ఆ రెండో గడి ఉండడం వల్లే జూమ్లాలో చేసిన ఒకటి రెండు సైట్లు ఇప్పటికీ శుభ్రంగా ఉన్నాయని నేను నమ్ముతాను, గడి కనపడితే మనిషికి ఆ ప్రశ్న తడుతుంది కదా. కాలేజీకి ప్లగిన్ పెట్టాను. దానితో పాటు మేడమ్ తన పద్ధతి తను పెట్టుకుంది. ఆమె వెనక గోడకు తిథులు, నక్షత్రాలు ఉండే క్యాలెండర్ ఉంటుంది. నోటీసు పెట్టిన రోజే, గడువు అయిపోయిన మర్నాటి గడిలో ఎర్ర పెన్నుతో 'స్పాట్ దింపాలి', 'ఫీజు దింపాలి' అని రాస్తోంది. ప్లగిన్ పని చేసినా చేయకపోయినా ఆ గడి ఆమె కళ్ల ముందు ఉంటుంది. పదకొండేళ్లలో నేను చూసిన మంచి వర్క్‌ఫ్లో ఆ క్యాలెండర్.

దింపడమంటే పూర్తిగా చెరిపేయడం కాదు. పాత నోటీసులు ఆర్కైవ్‌లో, అంటే పాతవి దాచే చోట ఉండాలి, 'గడువు ముగిసింది' అని పైన ఎర్రగా రాసి ఉండాలి, ఏడాది ఉండాలి. దీనికి తోడు ఫైళ్ల గొడవ ఒకటి ఉంది, ఇది చాలా మందికి తెలియదు. ఫీజుల పట్టిక మారిందని అదే పేరుతో కొత్త పీడీఎఫ్ ఎక్కిస్తే పాతది పోయి కొత్తది వస్తుందనుకుంటాం. వర్డ్‌ప్రెస్ అలా చేయదు, కొత్త ఫైల్ పేరు చివర ఒక అడ్డగీత, ఒకటి అంకె తగిలించి వేరేగా దాచుకుంటుంది. పాత ఫైల్ పాత లింక్‌లో అలాగే ఉంటుంది. పేజీలో లింక్ మార్చినా, గూగుల్‌లో వెతికినవాళ్లకు, ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత లింక్ నొక్కినవాళ్లకు పాత ఫీజే కనపడుతుంది. కాబట్టి మీడియా లైబ్రరీలోకి వెళ్లి పాత ఫైల్‌ను తీసేయాలి, లేదా పేజీలోనే ఫీజులు టైప్ చేసి పీడీఎఫ్ మానేయాలి. నేను రెండోదే చెప్తాను అందరికీ.

పీడీఎఫ్ మాట వచ్చింది కాబట్టి, మన దగ్గర ఇంకో కష్టం. నోటీసు డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైప్ చేయిస్తారు, ప్రింట్ తీసి సంతకం, స్టాంపు వేసి, మళ్లీ స్కాన్ చేసి ఆ బొమ్మను ఎక్కిస్తారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల చోట కూర్చుని ఉంటాయి, కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, అందుకే అందరూ బొమ్మ పెట్టేస్తారు. బొమ్మలోని తెలుగును వెతకడం కుదరదు, చూపు లేని పిల్లలకు ఫోన్ చదివి వినిపించలేదు, చిన్న ఫోన్లో పెద్దది చేసి చూస్తే మసక. అదే మేటర్ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతిలో ఉంటే ఈ బాధలేవీ ఉండవు. దారి మొదటి మెట్టులోనే, అంటే రాసే చోటే యూనికోడ్‌లో రాయాలి. ఫోన్లో రోజూ తెలుగులో మెసేజ్‌లు పెడుతున్నాం, అది యూనికోడే, ఆ వేళ్లతోనే నోటీసు కూడా టైప్ చేయొచ్చు. సంతకం ఉన్న కాపీ కావాలంటే కింద జత చేయండి, పైన మాత్రం అక్షరాలు ఉండాలి.

చిన్న చిన్నవి ఇంకో రెండు. వర్డ్‌ప్రెస్ కొత్తగా పెట్టినప్పుడు దాని గడియారం సాధారణంగా మన టైమ్‌లో ఉండదు, మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. సెట్టింగుల్లో మార్చకుండా పొద్దున 10 గంటలకు ఫలితాలు వచ్చేలా పెడితే అవి మధ్యాహ్నం మూడున్నరకు వస్తాయి. ఇంకొకటి, ముందుగా టైమ్ పెట్టిన పని ఎవరో ఒకరు సైట్ తెరిచినప్పుడే కదులుతుంది, జనం రాని చిన్న సైట్లలో అది ఆలస్యం కావచ్చు, కాబట్టి ముఖ్యమైన రోజు ఒకసారి మీరే తెరిచి చూసుకోండి.

కాలేజీల గురించే చెప్తున్నాను గాని అందరిదీ ఇదే కథ. ఒక చేనేత కుటుంబానికి సైట్ చేసిచ్చాను. డబుల్ ఇక్కత్ చీర ఒకటి నేయడానికి నూలుకు చిటికీలు (రంగు పట్టకుండా వేసే కట్లు) కట్టడం దగ్గర్నుంచి ఎన్ని రోజులు పడుతుందో మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక్కొక్కటి ఒక్కటే ఉంటుంది. అమ్ముడుపోయిన చీర ఫొటో సైట్‌లో అలాగే ఉండిపోయింది, దాని కోసమే హైదరాబాద్ నుంచి ముగ్గురు డబ్బులు వేశారు, ముగ్గురికీ తిరిగి పంపాల్సి వచ్చింది, ఒకామె తిట్టింది కూడా. మగ్గం మీద కూర్చున్న అక్క ఫోన్ తీసి లాగిన్ అయి మార్చగలదా? ఆమె చేతులు ఖాళీగా ఉండవు. ఇంటర్ చదివే కొడుకుతో మాట్లాడి, చీర ప్యాక్ చేసి కొరియర్ చీటీ అంటించేటప్పుడే 'అమ్ముడైంది' నొక్కాలని పెట్టుకున్నాం. ప్యాకింగ్ ఎలాగూ అతనే చేస్తాడు. అప్పట్నుంచి ఆ ఇబ్బంది రాలేదు.

ప్రభుత్వానికి తెలియని సంగతులు కూడా కావివి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో మార్గదర్శకాలు తెచ్చారు, 2023లో వాటి మూడో వెర్షన్ తెచ్చారు. అందులో ప్రతి వెబ్‌సైట్‌కూ సమాచారం ఎవరు ఇవ్వాలి, ఎవరు చూడాలి, ఎవరు ఆమోదించాలి అనే విధానం ఒకటి, గడువు తీరినదాన్ని ఆర్కైవ్‌కు పంపే విధానం ఒకటి, ఉన్నదాన్ని అప్పుడప్పుడు మళ్లీ చూసుకునే విధానం ఒకటి రాసి పెట్టుకోవాలని ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, దాని నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తన వివరాలు చట్టం వచ్చిన 120 రోజుల్లో తనంతట తానే ప్రకటించాలి, ఆ తర్వాత ఏటా కొత్తగా దిద్దాలి. రాతలో లోటు లేదు. ఏటా దిద్దాల్సిన మనిషి ఎవరు అని పేరు రాసుకోకపోవడమే లోటు. ఉమ్మడి జిల్లాలు 2016 అక్టోబర్ 11న విడిపోయాయి, దసరా పండుగ రోజు. నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరులోంచి, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా వచ్చింది. ఆ ప్రాంతంలో ఒక సంస్థ సైట్ తెరిస్తే అడ్రస్‌లో ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంది, కింద ఉన్న ఫోన్ నంబర్ పని చేయదు. ఆ పేజీ ఎవరిదని అడిగితే రిటైరైన సార్ పేరు చెప్పారు. ప్రతి పేజీకీ ఒక మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి మారిన రోజు చార్జ్ లిస్టులో బీరువా తాళంతో పాటు ఈ పేజీలు కూడా రాసి ఇంకొకరికి అప్పగించాలి.

నా తోటివాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, కోపం వచ్చినా సరే. కొందరు సైట్ చేసిచ్చి అడ్మిన్ పాస్‌వర్డ్ తమ దగ్గరే పెట్టుకుంటారు. నోటీసు మార్చాలంటే ప్రతిసారీ ఫోన్ చేయాలి, ప్రతిసారీ డబ్బు ఇవ్వాలి, వాళ్లు ఊళ్లో లేకపోతే ఆగాలి. డొమైన్, అంటే సైట్ అడ్రస్ కూడా తమ పేరు మీదే కొంటారు. మొదట్లో రెండు మూడు చోట్ల నేనూ అలా చేశాను, బతుకుతెరువు అనుకున్నాను. ఇప్పుడు ఎవరి సైట్ వాళ్ల చేతికే ఇస్తున్నాను, నేర్పినందుకు ఒకసారి డబ్బు తీసుకుంటున్నాను. సైట్ చేయించుకునే వాళ్లు మొదటి రోజే అడగండి, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, మా వాళ్లలో ఎవరెవరికి ఏ లాగిన్ ఇస్తున్నావు, పాత నోటీసు ఎలా దిగుతుంది అని. మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేని వాడికి పని ఇవ్వకండి.

ఇదంతా పెద్ద సాఫ్ట్‌వేర్ కొంటే పోతుంది కదా అని ఒక కాలేజీ కరస్పాండెంట్ సార్ అన్నారు. ద్రూపల్‌లో డ్రాఫ్ట్, పబ్లిష్, ఆర్కైవ్ అని మెట్లు పెట్టుకునే ఏర్పాటు ఉంది, జూమ్లా కూడా 2021లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి మెట్లు మనమే గీసుకునే వీలు ఇచ్చింది. యూనివర్సిటీ లాంటి పెద్ద చోట, నలభై మంది రాసే చోట అవి కావాలి. ముగ్గురు మనుషులున్న ఆఫీసులో అవి పెడితే నా ఐదు మెట్ల కథే మళ్లీ మొదలవుతుంది. ఉన్నదానితోనే, కాగితం మీద రెండు గడులు గీసి మొదలుపెట్టమని చెప్పాను ఆయనకు. ఒప్పుకున్నారో లేదో తెలియదు.

ఎడిటర్ గారూ, మీ నుంచి నాకు కావాల్సింది ఒకటి ఉంది. మీ జిల్లా డెస్క్‌లో ఏళ్ల తరబడి కాపీ చూసిన సబ్ ఎడిటర్ ఎవరినైనా ఒక పూట మాకు పంపండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా కాలేజీ క్లర్కులను, వెబ్‌సైట్ చూసే లెక్చరర్లను నేను పోగు చేస్తాను. తారీఖు చూసేటప్పుడు కన్ను ఎక్కడ పెడతారో, డెస్క్‌లో ఒకరు లేని రోజు ఎవరు కూర్చుంటారో, తప్పు వచ్చిందని తెలిసిన నిమిషం నుంచి ఏం చేస్తారో వాళ్ల నోటితో చెప్తే చాలు, కంప్యూటర్ భాగం నేను చెప్పుకుంటాను. హాలు, ప్రొజెక్టర్, రానుపోను చార్జీలు నేను చూసుకుంటాను. దోస్త్ నోటిఫికేషన్ వచ్చే లోపు ఏ ఆదివారమైనా ఫర్వాలేదు.

ఇట్లు,
వెబ్‌సైట్లు చేసుకునే మీ పాఠకుడు,
ప్రకాశం బజార్, నల్లగొండ.